గుర్రముల కొరకు శాసనసభ మెట్లెక్కినవారు



మహజరు వ్రాయుట మన గ్రామములవారికి క్రొత్త కాదు. కలెక్టరుగారు జమాబందికి వచ్చుచున్నారని తెలిసినతోడనే కరణముగారి అరుగుపై పదిమంది కూడుట, చదువుకొన్నవాడొకడు కలము పట్టుట, తక్కినవారు చేవ్రాళ్లో వ్రేలిముద్రలో వేయుట పెద్దలందరును ఎరిగినదే. మా ఊరి చెరువుతూము చెడినప్పుడు అట్టి మహజరు వ్రాసినవాడను నేనే. దీర్ఘసమాసములు దట్టించి నాలుగు పుటలు నింపితిని. ఊరివారు మెచ్చుకొనిరి. తపాలాలో వేసితిమి. అది ఏ కచేరిలో ఏ కట్టక్రింద పడెనో నాకు నేటికిని తెలియదు. ఆ యేటి నీరు మాత్రము కాలువపాలయ్యెను. కాగితము పోయినది గాని, కాగితము వెంట మనిషి పోలేదు. ఆ లోపము ఎంతటిదో చాలకాలమునకు ఒక స్త్రీ చరిత్రము చదివినప్పుడుగాని నాకు బోధపడలేదు. ఆ చరిత్రమునే నేడు మీకు విన్నవింపదలచితిని.

ఆమె పేరు వెల్మా జాన్‌స్టన్. అమెరికా సంయుక్త రాష్ట్రములలో పశ్చిమమున నున్న నెవాడా రాష్ట్రమునకు చెందినది. 1912లో జన్మించెను. ఆమె శాసనసభ్యురాలు కాదు, న్యాయవాది కాదు, ధనవంతురాలు అంతకంటె కాదు. రీనో నగరమున బీమా వ్యాపారము చేయు ఒక పెద్దమనిషి కడ ఉత్తరములు టైపు చేయు ఉద్యోగిని. భర్తతో కూడ ట్రక్కీ నదీతీరమున ఒక చిన్న పశువుల క్షేత్రమున కాపురముండెను. ఇట్టి సామాన్యురాలు 1952 మొదలు 1971 వరకు జిల్లా కచేరి, రాష్ట్ర శాసనసభ, దేశపు కాంగ్రెసు అను మూడు గడపలను తానే స్వయముగా త్రొక్కి, నోరులేని గుర్రముల పక్షమున మాటాడినది. కాంగ్రెసు అనగా అచ్చట పార్టీ కాదు. మన పార్లమెంటువంటి శాసననిర్మాణసభకే ఆ పేరు.

ముందుగా ఆ గుర్రముల సంగతి చెప్పవలెను. అశ్వజాతికి మొదటి పుట్టినిల్లు అమెరికా ఖండమే యని ప్రాణిశాస్త్రజ్ఞుల నిర్ణయము. కాని సుమారు 10,000 సంవత్సరముల క్రిందట అచ్చట ఆ జాతి అంతరించెను. మరల గుర్రపుడెక్క ఆ నేలపై పడినది స్పానిషువారి ఓడలు చేరిన తరువాతనే. 1519లో కోర్టెజు మెక్సికోలో దిగినప్పుడు అతని వెంట 16 గుర్రములుండెను. అటుపిమ్మట వచ్చిన మందలలోనుండి తప్పించుకొన్నవి, విడిచివేయబడినవి పశ్చిమపు మైదానములలో పెరిగి, తరతరములుగా కళ్లెమెరుగని స్వేచ్ఛాజీవులైనవి. వానికి ముస్టాంగులని పేరు. స్పానిషు భాషలో ఆ పదమునకు మూలార్థము, యజమాని లేక తిరుగు పశువు అని. మన బందెలదొడ్డికి తోలు పశువునకు ఏ పేరో, దానికిని అదే పేరన్నమాట.

ఈ యజమాని లేకుండుటయే వాని దుర్గతికి మూలమైనది. మన పూర్వులు అశ్వమును గూర్చి తక్కువ వ్రాయలేదు. శాలిహోత్రుని పేర అశ్వశాస్త్రమే వెలసినది. విరాటుని కొలువున నకులుడు చేసినది గుర్రములను సాకు పనియే. తెలుగున మనుమంచి భట్టు హయలక్షణవిలాసమను కావ్యమునే రచించెను. అయినను, నేను చదివినంతవరకు, ఆ శాస్త్రములన్నియు రాజుగారి గుర్రమును గూర్చియో, యోధుని గుర్రమును గూర్చియో చెప్పినవే. ఎవరిదియు కాని గుర్రమునకు ఏ గతి యను ప్రశ్న వానిలో నాకు కనబడలేదు. అమెరికాలో ఆ ప్రశ్న ఇరువదవ శతాబ్దమున పుట్టెను.

నెవాడాలో నూటికి ఎనుబదికి పైగా భూమి కేంద్రప్రభుత్వముది. వాన తక్కువ. ఆ బీళ్లలో ప్రభుత్వమునకు పుల్లరి చెల్లించి పశువులను, గొఱ్ఱెలను మేపుకొనువారు చాలమంది. 1934లో టేలర్ మేత చట్టము వచ్చి ఈ పుల్లరి పద్ధతిని స్థిరపరచెను. 1946లో భూనిర్వాహక శాఖ యను కార్యాలయము ఏర్పడి ఆ బీళ్ల పాలనమును చేపట్టెను. పుల్లరి చెల్లించు పశువునకును, పుల్లరి లేని గుర్రమునకును పచ్చిక ఒక్కటే. కావున గుర్రములను తొలగించినచో మేత మిగులునని పశువులవారు, శాఖవారు ఉభయులును తలచిరి. అదే సమయమున కుక్కలకు, కోళ్లకు డబ్బాలలో మాంసాహారము తయారుచేయు పరిశ్రమ పెరిగెను. అడవిగుర్రము పౌనుకు కొన్ని సెంట్ల చొప్పున అమ్ముడుపోవు సరకయ్యెను.

పట్టు విధము వినుటకే కష్టముగా నుండును. చిన్న విమానమొకటి కొండలోయలపై క్రిందుగా ఎగురుచు, కూతపెట్టుచు, తుపాకి పేల్చుచు మందను మైదానమునకు తరుమును. అచ్చట లారీలు కాచుకొని యుండును. లారీపైనుండి మెడకు ఉచ్చు విసరుదురు. ఉచ్చుత్రాటి రెండవ కొనకు బరువైన లారీచక్రపు టైరు కట్టియుండును. గుర్రము ఆ టైరును ఈడ్చుకొనుచు పరుగెత్తి పరుగెత్తి, ఊపిరి చాలక కూలిన పిమ్మట కాళ్లు కట్టి లారీలోనికి లాగుదురు. ఎటులైనను కబేళాకు పోవునదే గదా యని నీరు, మేత, మందు ఏదియు పెట్టరు. నీటిగుంటలలో విషము కలిపినవారును ఉండిరి. ఈ పట్టును గస్ బండీ అను నెవాడా చిత్రకారుడు ఛాయాచిత్రములుగా తీసెను. అవి తరువాత చాల పనికివచ్చినవి.

వెల్మా తండ్రి బండ్లపై సరకు తోలించు వ్యాపారి. ముస్టాంగులను బండ్లకు కట్టినవాడు. ఆయన శిశువుగా నుండగా ఎడారి దాటు ప్రయాణములో తల్లికి పాలు చాలనప్పుడు అడవిగుర్రపు పాలు పట్టి బ్రదికించిరని ఆ ఇంటివారు చెప్పుకొనుచుండిరి. ఆమెకు 11 ఏండ్ల వయసున పోలియో సోకినది. శాన్‌ఫ్రాన్సిస్కో ఆసుపత్రిలో నెలలతరబడి దేహమంతయు సున్నపుకట్టులో బిగించిరి. ప్రాణము దక్కెను గాని ముఖము, వెన్ను వంకరపోయెను. తోటిపిల్లల చూపులు భరింపలేక ఆమె పుస్తకములతోడను, జంతువులతోడను పొత్తు చేసెను. ఈ మాట ఎందులకు చెప్పుచున్నాననగా, నలుగురిలో నిలుచుటకే జంకవలసిన ఈమె తరువాత ఎన్ని సభలలో నిలిచి మాటాడెనో మీరు వినబోవుచున్నారు.

1950లో ఒకనాటి ఉదయము ఆమె తన కారులో ఉద్యోగమునకు పోవుచుండెను. ముందు పోవుచున్న పశువుల లారీనుండి రక్తము బాటపై కారుచుండెను. లోపలి పశువునకు ఏదో గాయమైనదని, తోలువానికి తెలియదేమో చెప్పుదమని ఆమె వెంబడించెను. లారీ పోయి ఆగినది కబేళా కడ. లోన చూడగా కిక్కిరిసిన గుర్రములు. కొన్నింటికి తుపాకిగుండ్ల గాయములు. వాని కాళ్లక్రింద నలిగిపోవుచున్న ఒక కిశోరము. ఎక్కడివని అడుగగా, విమానముతో తరిమి పట్టినవని జవాబు వచ్చెను.

ఇట్టి దృశ్యము చూచి కంట నీరు పెట్టుకొనువారు కోట్లమంది. మరునాడు మరచిపోవువారును అన్ని కోట్లే. ఆమె మరువలేదు. అట్లని ఆ కబేళావానితో జగడమునకును దిగలేదు. అతడు చేయునది నేరమని చెప్పు చట్టము ఒక్కటియు లేదని ఆమె త్వరలోనే తెలిసికొనెను. తెలిసికొని మరి రెండేండ్లు ఊరకుండలేదు. భర్తతో కూడ రాత్రులు కొండలలోనికి పోయి, పట్టు జరుగు చోట్లు చూచి, ఛాయాచిత్రములు సంపాదించి, ఎవరు పట్టిరి, ఎచ్చట అమ్మిరి అనునదెల్ల కాగితముపై పెట్టెను. కచేరి ఉద్యోగిని గనుక కాగితపు విలువ ఆమె ఎరుగును. ఆమె ఉత్తరముల కట్టలు నేడు డెన్వరు నగరపు గ్రంథాలయమున భద్రముగా నున్నవి.

1952లో స్టోరీ కౌంటీలో విమానముతో గుర్రములను పట్టుటకు అనుమతి అడిగిరని వార్త వచ్చెను. కౌంటీ యనగా మన తాలూకాకు జిల్లాకు నడుమనుండు పాలనభాగమనుకొనుడు. దాని ముఖ్యపట్టణము వర్జీనియా సిటీ. ఒకప్పుడు వెండిగనులతో వెలిగి, పిదప జనము లేక చిక్కిపోయిన కొండయూరు. అచ్చటి కచేరిలో కమిషనర్లు కూర్చుండి విచారింపగా, అనుమతి కోరువారు వచ్చిరి, శాఖవారును వచ్చిరి. మూడవపక్షము సాధారణముగా ఇట్టి విచారణలకు రాదు. ఈసారి వచ్చెను. వెల్మా, ఆమె భర్త, ఊరిలోని కొందరు పెద్దలు చేవ్రాళ్లతో కూడిన మహజరు పట్టుకొని కచేరి మెట్లెక్కిరి. తాను చూచినది చూచినట్లు ఆమె చెప్పెను. ఆ కౌంటీలో విమానముతో గుర్రములను పట్టరాదని కమిషనర్లు నిర్ణయించిరి.

ఒక కౌంటీ దక్కెను. కాని గుర్రములకు కౌంటీ ఎల్లలు తెలియవు, పట్టువారికి తెలియును. ఎల్ల దాటి అవతల పట్టసాగిరి. కాబట్టి ఆమె కార్సన్ సిటీలోని రాష్ట్ర శాసనసభకు నడిచెను. 1955లో అచ్చట బిల్లు వచ్చెను. ఆమె మరల సాక్ష్యమిచ్చెను. విమానములతోడను మోటారు బండ్లతోడను అడవిగుర్రములను పట్టుట, నీటిగుంటలను చెరచుట నేరమని శాసనమయ్యెను. మిత్రులు అభినందించిరి. పిమ్మట శాసనపాఠము నిదానముగా చదివి చూడగా, కేంద్రప్రభుత్వపు భూములకు అది వర్తింపదను మాట అందులో కనబడెను. నూటికి ఎనుబదిపాళ్లు కేంద్రపు భూమియైన రాష్ట్రములో ఇట్టి మినహాయింపు పెట్టిన చట్టము ఎంతటిదో నేను వేరుగ చెప్పనక్కరలేదు. కుండ చేసి అడుగు విడిచివేసినట్లయ్యెను.

ఈ పోరాటములోనే ఆమెకు ఒక మారుపేరు వచ్చెను. ఎదుటిపక్షపు ఉద్యోగియొకడు వెక్కిరింతగా ఆమెను అడవిగుర్రాల యానీ అనెనని ప్రసిద్ధి. ఆమె కోపింపలేదు. ఆ పేరునే తీసికొని ఉత్తరములపై వాడుకొనెను. కొంతకాలమునకు వెల్మా జాన్‌స్టన్ అనిన ఎవరును ఎరుగరు. వైల్డ్ హార్స్ ఆనీ అనిన దేశమంతయు ఎరుగును. ఎదుటివాడు విసరిన రాయితో గోడ కట్టుకొనుట అందరికిని చేతకాదు.

ఇక మిగిలినది వాషింగ్టను. నెవాడాకు అప్పుడు ప్రతినిధుల సభలో ఉన్నది ఒక్కడే సభ్యుడు, వాల్టర్ బేరింగ్. ఆమె ఆయనను పట్టుకొనెను. 1959 ఆరంభమున ఆయన బిల్లు ప్రవేశపెట్టెను. దేశమంతట బడిపిల్లలు కాంగ్రెసు సభ్యులకు ఉత్తరములు వ్రాసిరి. ఆ యేటి జూలైలో న్యాయవిషయక ఉపసంఘము విచారణ జరుపగా, వెల్మా దేశమునకు ఆ కొననుండి ఈ కొనకు ప్రయాణము చేసి సాక్షిగా నిలిచెను. అప్పటికి ఆమెకు 47 ఏండ్లు. చట్టసభలవారి ఎదుట ఆమె చేసిన పని విశేషమైనది కాదు. పటములు చూపెను, తారీఖులు చెప్పెను, అడిగిన ప్రశ్నకు జవాబిచ్చెను. గుర్రములు ఎన్ని యున్నను ఫరవాలేదని ఆమె వాదింపలేదు. మితిమీరినచో తగ్గింపుడు, కాని హింసింపవలదు. వాని రక్షణకును అదుపునకును ఒక ప్రణాళిక వేయుడు అనెను. ఆగ్రహముతో వచ్చునని యెదురుచూచిన సభ్యులకు ఇట్టి సాక్షి కనబడుట అనుకూలించినదని నా యూహ.

1959 సెప్టెంబరు 8వ తేదీన అధ్యక్షుడు ఐసెన్‌హోవరు ఆ శాసనముపై చేవ్రాలు చేసెను. ప్రభుత్వభూములపై విమానముతో గాని మోటారుబండితో గాని అడవిగుర్రములను, గాడిదలను పట్టినను, నీటిగుంటలను విషపూరితము చేసినను 500 డాలర్ల వరకు జరిమానా, లేక ఆరు నెలల వరకు ఖైదు, లేక రెండును. ఆమె అడిగిన ప్రణాళిక మాత్రము అందులో లేదు.

ఇంచుమించు అదే కాలమున మన ఢిల్లీలోను ఒక స్త్రీయే జంతువుల పక్షమున నిలిచెనని స్మరింపదగును. రాజ్యసభకు నామకరణము చేయబడిన రుక్మిణీదేవి అరండేల్ జంతుహింసానివారణమునకై స్వయముగా బిల్లు తెచ్చెను. ప్రభుత్వమే సమగ్రమైన శాసనము తెచ్చునని నెహ్రూగారు మాట ఇచ్చిన మీదట ఆమె దానిని వెనుకకు తీసికొనెను. ఆ మాట ఫలించి 1960లో చట్టమయ్యెను. ఆమె సభలోపలనుండి అడిగెను. వెల్మా వెలుపలనుండి వచ్చి తలుపు తట్టెను. అదియే భేదము.

మరల నెవాడాకు వత్తము. 1959 చట్టమునకును సందులున్నవి. విమానము వలదన్నారు గాని పట్టవలదనలేదు. అదిగాక, పట్టువారు తమ ముద్ర వేసిన గుర్రములను కొన్నిటిని అడవిమందలో కలియవిడిచి, మా గుర్రములను మేము తోలుకొనుచున్నామని చెప్పుట సాగించిరి. మందలో ముద్రగుర్రము ఒకటి కనబడినచో, తక్కినవి అడవివని ఋజువు చేయు భారము అభియోగము తెచ్చినవారిపై పడును. శాఖవారు 1962లో నెవాడాలో ఒక అభయారణ్యమును, 1968లో మోంటానా, వయోమింగ్ రాష్ట్రముల సరిహద్దున ప్రయర్ కొండలలో మరియొకదానిని గుర్రములకై ఏర్పరచిరి. రెండవది ఆ చుట్టుప్రక్కల ఊళ్లవారు పట్టుబట్టి సాధించుకొన్నది. 1964లో వెల్మా భర్త మరణించెను. పనిని విడుచునేమో యని చాలమంది అనుకొనిరి. ఆమె మరుసటి సంవత్సరమే ఒక రక్షణసంఘమును స్థాపించెను.

ఇక 1971. ఈ ఘట్టమును నేను కొంచెము విస్తరించి చెప్పుదును. ఉపాధ్యాయవృత్తిలో నా యౌవనమంతయు గడచినది. పిల్లలచే నేను వ్రాయించిన ఉత్తరములకు లెక్కలేదు. తండ్రికి పుస్తకములకై ధనము పంపుమని, మిత్రునికి జాతర వర్ణించుచు, ప్రధానోపాధ్యాయునికి సెలవుకోరుచు. అన్నియు కల్పితములే. ఒక్కదానిని గూడ తపాలాపెట్టెలో వేయించిన పాపమున నేను పోలేదు. ఓరెగాన్ రాష్ట్రమున రోజ్‌బర్గ్ అను ఊరి ఉపాధ్యాయురాలు ఒకామె తన తరగతి పిల్లలకు అడవిగుర్రముల సంగతి చెప్పి, నిజమైన ఉత్తరములు, నిజమైన సభ్యులకు, నిజముగా తపాలాలో వేయించెను. ఇట్టివి దేశమంతట జరిగినవి. కాంగ్రెసునకు వియత్నాము యుద్ధమును గూర్చి వచ్చిన ఉత్తరముల తరువాత మరి దేనిని గూర్చియు అన్ని రాలేదని చెప్పుకొందురు. మేరీలాండు ప్రతినిధి గిల్బర్ట్ గూడ్ ఇంట ఆయన 11 ఏండ్ల కుమారుడు గ్రెగరీయే తండ్రిని పట్టుకొని బిల్లు పెట్టించెను. ఆ యేటి ఏప్రిలులో విచారణలు జరిగినప్పుడు ఆ బాలుడును మరికొందరు పిల్లలును సభాసంఘముల ఎదుట కూర్చుండి సాక్ష్యమిచ్చిరి. వారి ప్రక్కన వెల్మా కూర్చుండెను.

పిల్లల ఉత్తరములకు శాసనకర్తలు ఏల చలింతురని అడుగవచ్చును. ఉత్తరము వ్రాసిన పిల్లవానికి ఓటు లేదు. కాని వాని తల్లిదండ్రులకు కలదు. పిల్లవాడు వ్రాసినది ఇంటిలో అందరును ఎరిగియే యుందురు. జవాబు రాకున్నచో ఆ ఇల్లు దానిని మరువదు. ఇది గ్రహింపని శాసనసభ్యుడు ఏ దేశములోను ఉండడు.

ఉభయసభలును ఏకగ్రీవముగా అంగీకరింపగా 1971 డిసెంబరు 15వ తేదీన అధ్యక్షుడు నిక్సను ఆ శాసనముపై చేవ్రాలు చేసెను. ముద్ర లేని, ఎవరిదియు కాని గుర్రములును గాడిదలును ప్రభుత్వభూములపై ఉన్నంతకాలము పట్టుటకు, ముద్రవేయుటకు, వేధించుటకు, చంపుటకు వీలులేదనియు, అవి ఆ భూముల సహజవ్యవస్థలో భాగమనియు అది చాటెను. తప్పినవారికి 2,000 డాలర్ల వరకు జరిమానా, ఏడాది వరకు ఖైదు. అదుపు, లెక్క, పాలన శాఖవారి బాధ్యత. యజమాని లేకుండుట శాపముగా నుండిన ఆ జాతికి, యజమాని లేకుండుటయే రక్షయైనది.

పశువులవారిని రాక్షసులుగా చిత్రించుట నా యుద్దేశము కాదు. వాన కురియని దేశము. పుల్లరి కట్టినవాని పశువు ఎండుగడ్డికి వెదకుచుండగా గుర్రములమంద గుంటలోని నీరు త్రాగిపోయిన, వాని కడుపు మండదా? మన ఊళ్లలో చేలలో పడిన ఆబోతును గూర్చి మనమేమనుకొందుమో జ్ఞాపకము చేసికొనిన చాలును. వారు న్యాయస్థానమునకును పోయిరి. న్యూమెక్సికో రాష్ట్రపు పశుమండలివారు ప్రభుత్వభూమిలో 19 అడవిగాడిదలను పట్టి వేలము వేసి, ఈ చట్టము చేయుటకు కేంద్రమునకు అధికారమే లేదనిరి. 1976లో సుప్రీముకోర్టు న్యాయమూర్తులందరును ఏకమై ఆ వాదమును త్రోసిపుచ్చిరి. ప్రభుత్వభూమిపై నున్న అడవిప్రాణిని రక్షించుట ఆ భూమికి స్వామియైన ప్రభుత్వమునకు చెల్లుననిరి.

అదే 1976లో మరియొకటి జరిగినది. గుర్రములను పట్టుటకు హెలికాప్టరును వాడుకొనుటకు శాఖవారికి కాంగ్రెసు అనుమతి నిచ్చెను. ఆకాశమునుండి తరుముటను మాన్పుటకు ఇరువదినాలుగు సంవత్సరముల క్రిందట వర్జీనియా సిటీ మెట్లెక్కినామె బ్రదికియుండగనే, ఆకాశమునుండి తరుముట, ఈసారి ప్రభుత్వము చేతులమీదుగా, తిరిగివచ్చెను. చట్టము వచ్చిన పిమ్మట మందలు పెరిగినవి, కాలినడకను గుర్రముపైను పట్టుట సాగదు, నియమములతో చేయుదుము అని శాఖవారి సమాధానము. మరుసటి సంవత్సరము, 1977 జూన్ 27వ తేదీన, 65వ ఏట వెల్మా జాన్‌స్టన్ కాలధర్మము చెందెను.

శాఖవారి మాటలో నిజము లేకపోలేదు. 1971 ప్రాంతమున ప్రభుత్వపు లెక్క ప్రకారము గుర్రములు గాడిదలు కలిసి సుమారు 25 వేలు. 2020లో సుమారు 95 వేలు. బీళ్లు భరింపగలవని శాఖవారు చెప్పు సంఖ్య 27 వేలలోపే. పట్టిన వానిలో కొన్నిటిని పెంచుకొనువారికి ఇచ్చుచున్నారు. తక్కినవి ప్రభుత్వపు దొడ్లలోను, అద్దె బీళ్లలోను పెరుగుచున్నవి. 2020 తరువాతి సంవత్సరములలో అట్టివి 60 వేలు దాటినవి. చూలు కట్టని మందు సూదితో వేసి సంతతిని తగ్గించుడని గుర్రముల పక్షమువారు, అది ఇంతటి విశాలదేశమున సాధ్యము కాదని పశువులవారు వాదించుకొనుచున్నారు. ఈ చిక్కునకు పరిష్కారము నాకు తోచినచో మీకు దాచను, తోచలేదు.

కాని ఒకటి చెప్పగలను. 2004లో జరిగిన సంగతి ఇది. ఇరువది సంవత్సరములు మెట్లెక్కి దిగి సంపాదించిన శాసనమును, ఆ యేటి చివర వేలపుటల వ్యయశాసనములో సెనేటరు ఒకాయన చేర్చిన ఒక చిన్న భాగము మార్చివేసెను. పదేండ్లు దాటిన గుర్రమును గాని, మూడుసార్లు ఎవరును తీసికొనని గుర్రమును గాని షరతులు లేకుండ అమ్మివేయవచ్చునని దాని భావము. విచారణ లేదు. సాక్షులు లేరు. పటములు చూపినవారు లేరు. పిల్లల ఉత్తరములు రాలేదు. సంగతి తెలిసినగదా వ్రాయుట! తెలిసిన పిమ్మట జనము మరల కదలిరి. ఆ భాగము నేటికిని గ్రంథమున అట్లే యున్నది. గుర్రములను కబేళాకు అమ్ముటకు ధనము వెచ్చింపరాదని చెప్పు వాక్యమొకటి మాత్రము తరువాతి సంవత్సరముల వ్యయశాసనములలో చేర్చబడుచు వచ్చినది. అది ఏటేట చేర్చవలసిన వాక్యము. ఏ యేడు మరచిన ఆ యేడు లేనట్లే. అందువలన ఆ పక్షమువారు వాషింగ్టనునకు పోయి, సభ్యుల కార్యాలయముల వసారాలలో తమ వంతుకై కూర్చుండుట మానలేదు. రెండవ పక్షమువారును వచ్చి ఆ వసారాలలోనే కూర్చుందురు.

హెలికాప్టరుకు అనుమతి నిచ్చిన 1976 శాసనములో ఒక షరతు కలదు. దానిని వాడుకకు ముందు శాఖవారు ప్రజలను పిలిచి బహిరంగవిచారణ జరుపవలెను. ఆ షరతును అనుసరించి విచారణలు నేటికిని జరుగుచున్నవి. ఇటీవల దూరముననే యుండి తెరపై మాటాడు వసతి కూడ కల్పించిరి. వక్తకు ఇచ్చునది కొద్ది నిమిషములే. విన్నది వ్రాసికొందురు. మరల హెలికాప్టర్లు ఎగురుచునే యున్నవి. అయినను వచ్చువారు వచ్చి, పేరు చెప్పి, తాము చూచినది చెప్పి పోవుచున్నారు.